చిత్రిక యంత్రం కొన్నవారు గొట్టం ఎందుకు కొనరు?

చేతితో పట్టి నడిపే కరెంటు చిత్రిక యంత్రం కొనడానికి కంట్రాక్టరు దగ్గర డబ్బు ఉన్నది. ఆ యంత్రానికి పక్కనే ఒక రంధ్రం ఉన్నది. ఆ రంధ్రానికి గొట్టం తగిలించి, గొట్టం రెండవ కొసను ధూళి పీల్చే యంత్రానికి కలిపితే చెక్క నుండి లేచే పొట్టూ దుమ్మూ చాలావరకు గాలిలో కలవకుండా తొట్టిలో పడుతుంది. ఆ గొట్టం కొనడానికి మాత్రం కంట్రాక్టరు దగ్గర డబ్బు లేదట. పని అప్పగించిన అధికారికి ఆ సంగతి అడిగే తీరిక లేదట. ఒకరి పిసినారితనానికీ మరొకరి నిర్లక్ష్యానికీ నడుమ వడ్రంగి ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు బలి అవుతున్నాయి. ఆ గదిలోనే కూర్చుని పనిచేసే మన ఉద్యోగుల ఊపిరితిత్తులు కూడా అందులో వాటా పంచుకుంటున్నాయి.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు వడ్రంగి పనిముట్టుతో ఏమి సంబంధమని కొందరు మిత్రులు అడగవచ్చును. సంబంధం ఉన్నది. బుకింగ్ కిటికీ వెనుక బల్ల, తపాలా కార్యాలయపు కౌంటరు, ఉత్తరాలు వేరుచేసే గూళ్ళ చట్రం, విశ్రాంతి గదుల తలుపులు, ఇవన్నీ చెక్కపనులే. 1955లో పెరంబూరులో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ మొదలై ఉక్కు పెట్టెలు వచ్చిన తరువాత రైల్వేలలో వడ్రంగం తగ్గినదే గాని పోలేదు. అయితే ఆ పని చేసే మనిషి మారినాడు. ఒకనాడు వర్క్‌షాపులో హాజరుపట్టీ ఉన్న వడ్రంగి మన సంఘ సభ్యుడు. నేడు కార్యాలయాలలో చెక్కపని చేసేవాడు ఎక్కువగా కంట్రాక్టరు మనిషి. అతనికి హాజరుపట్టీ లేదు, వైద్య కార్డు లేదు, అతని దగ్గును లెక్కవ్రాసే పుస్తకం లేదు. అతని తరపున మాట్లాడవలసిన బాధ్యత మనది కాదని అనుకున్ననాడు మన తరపున మాట్లాడేవారు కూడా మిగలరు.

ఉధ్నాలో చూచినది

సూరత్ నగరంలో కలిసిపోయిన ఉధ్నా మన పాఠకులకు తెలియని ఊరు కాదు. ముంబయి–అహమ్మదాబాదు ప్రధాన మార్గం నుండి జల్‌గావ్ వైపు తపతీ లోయ మార్గం చీలిపోయే జంక్షను అది. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన నేత కుటుంబాలు ఉధ్నా, లింబాయత్ పేటలలో మరమగ్గాలను నమ్ముకొని తరాలుగా బ్రతుకుతున్నాయి. వారి బిడ్డల కొరకు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతున్నది. దుమ్మంటే ఏమిటో, చప్పుడంటే ఏమిటో ఆ పేటలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

ఆ ప్రాంతంలో మన సభ్యులు పనిచేసే ఒక కార్యాలయంలో ఇటీవల పాత కౌంటర్లు తీసివేసి కొత్తవి అమర్చారు. దాని పేరు వ్రాయడం లేదు. ఇది ఆ ఒక్క కార్యాలయపు తప్పు కాదు; దేశమంతటా ఇదే ఆనవాయితీ. ప్రజలకు కిటికీలు తెరిచే ఉన్నాయి. గుమాస్తాలు కూర్చునే ఉన్నారు. వారికి నాలుగు గజాల దూరంలో ఇద్దరు వడ్రంగులు రెండు చిత్రిక యంత్రాలతో టేకు పలకల అంచులు, ప్లైవుడ్ అంచులు చెక్కుతున్నారు. ఒక యంత్రానికి పొట్టు సంచి చిరిగిపోయినందున తీసివేశారు. రెండవదానికి సంచి అసలే లేదు. యంత్రం పక్క రంధ్రం నుండి పొట్టు ధారగా వచ్చి గోడకు కొడుతున్నది. గాలి ఆడడం లేదని ఎవరో బల్ల పంకా పెట్టగా, అది ఆ దుమ్మును గదియంతా సమానంగా పంచిపెట్టినది. సాయంత్రానికి రిజిస్టర్ల మీద వ్రేలితో పేరు వ్రాయదగినంత పొర పేరుకున్నది. వడ్రంగుల ముక్కులకు తువ్వాలు తప్ప మరే రక్షణా లేదు.

మన ప్రతినిధులు అడిగినప్పుడు వచ్చిన సమాధానం ఒక్కటే: "రెండు రోజుల పనికి ఇంత హంగామా ఎందుకు?" రెండు రోజులు ఆ కార్యాలయానికి! వడ్రంగికి ఎల్లుండి మరొక కార్యాలయం, ఆ పైన ఒక బట్టల దుకాణం, ఆ పైన ఒక బ్యాంకు. ప్రతి యజమానీ తనవద్ద రెండు రోజులే గదా అంటాడు. ఆ రెండు రోజులన్నీ కూడితే ఒక మనిషి ముప్పై ఏళ్ళ జీవితం అవుతుంది.

పొట్టు అని తోసిపుచ్చరాదు

చిత్రిక పట్టితే వచ్చేది పొట్టు గాని దుమ్ము కాదనీ, అది నేలమీద పడుతుంది గాని ఊపిరిలోకి పోదనీ కొందరు పెద్దమనుషులు వాదిస్తున్నారు. ఇందులో సగం నిజం ఉన్నది. ఆ సగాన్ని మేము దాచము. చేతి చిత్రికతో, అనగా తోపడతో, పచ్చి చెక్కను తోసినప్పుడు వచ్చేది చాలావరకు చుట్టలు తిరిగిన పొట్టే. ఉప్పుకాగితం యంత్రంతో పోల్చితే కరెంటు చిత్రిక లేపే సన్నధూళి తక్కువే. కాని కరెంటు చిత్రికలోని కత్తుల దిమ్మె నిమిషానికి పన్నెండు వేలకు పైబడి చుట్లు తిరుగుతుంది. అది చెక్కను తోయదు, కొట్టి చీలుస్తుంది. ఎండిన టేకు మీద, ప్లైవుడ్ అంచు మీద, జిగురుతో అదిమిన పలకల మీద పెద్ద పొట్టుతోబాటు సన్నని పొడి కూడా లేస్తుంది. పొట్టు నేలను పడుతుంది, పొడి గాలిలో నిలుస్తుంది. కంటికి కనపడేది పొట్టు కాబట్టి అందరూ దానినే లెక్కిస్తారు.

రేణువు పెద్దదైతే హాని లేదన్న వాదం మరింత ప్రమాదకరమైనది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోలేని పెద్ద రేణువులు మాయమైపోవు. అవి ముక్కులోనే నిలిచిపోతాయి. కలపధూళి వలన కలిగే క్యాన్సర్ పుట్టేది సరిగ్గా ఆ ముక్కులోనూ, దాని పక్కనున్న గాలిగదులలోనూ.

ఇది మా ఊహ కాదు. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ జిల్లాకు చెందిన హై వికూమ్ పట్టణం కుర్చీల తయారీకి పేరుపొందినది. 1960 దశకంలో అక్కడి చెవి–ముక్కు–గొంతు వైద్యులు, వారిలో ఎస్మీ హాడ్‌ఫీల్డ్ అనే వైద్యురాలు, ఒక విచిత్రం గమనించారు. మామూలు జనంలో అత్యంత అరుదైన ఒక రకం ముక్కు క్యాన్సర్ కుర్చీలు, బల్లలు చేసే కార్మికులలో మాటిమాటికీ కనపడుతున్నది. ఎచిసన్ మొదలైన పరిశోధకులతో కలిసి వారు లెక్కలు తీసి నిరూపించిన మీదట, 1969లో బ్రిటిష్ ప్రభుత్వం కలప సామగ్రి కార్మికుల ముక్కు క్యాన్సరును పరిహారార్హమైన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వెలువరించిన తన 62వ సంపుటంలో కలపధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి తరగతిలో పెట్టినది. ఆస్బెస్టాస్ ఉన్నది ఆ తరగతిలోనే. 2010లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో కలపధూళి పేరు స్పష్టంగా ఉన్నది. ఉబ్బసం, చర్మవ్యాధి, ఎడతెగని జలుబు, ఇవి ఇంకా ముందే వచ్చే బాధలు.

ఐరోపా దేశాలలో గట్టి కలపధూళి ఘనమీటరు గాలికి 3 మిల్లీగ్రాములు దాటరాదని ఉన్న నిబంధనను 2023 జనవరి నుండి 2 మిల్లీగ్రాములకు దించారు. బ్రిటన్‌లో 5గా ఉన్నదానిని 2020లో 3 చేశారు. టేకు కూడా ఆ గట్టి కలప కోవలోనిదే. అక్కడి వడ్రంగి ముక్కూ, ఉధ్నాలోని వడ్రంగి ముక్కూ ఒకే మాంసంతో చేసినవి కావా?

గొట్టం తగిలించడం ఒక విద్య

"అయితే ఒక గొట్టం పడవేస్తాము" అని తేలికగా ఒప్పుకొనే యజమానుల విషయంలోనే జాగ్రత్త కావాలి. కంటితుడుపు గొట్టం గొట్టం లేకపోవడంకన్నా మేలు కాదు. కనుక మన శాఖల కార్యకర్తలు ఈ నాలుగు సంగతులు తెలుసుకొని ఉండడం అవసరం.

మొదటిది పొట్టు పరిమాణం. మామూలు చిత్రిక యంత్రం కత్తి వెడల్పు 82 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల లోతున ఒక మీటరు పొడవు చెక్కితే 164 ఘన సెంటీమీటర్ల గట్టి చెక్క లేచిపోతుంది. పొట్టుగా విచ్చుకున్న తరువాత అది దానికి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అందుచేత యంత్రంతో వచ్చే గుడ్డసంచి కొద్ది నిమిషాలలో నిండుతుంది. నిండిన సంచిని విప్పి దులిపినప్పుడు పట్టిన దుమ్మంతా మళ్ళీ ముఖానికే కొడుతుంది. పైగా నేతసందుల గుండా సన్నపొడి నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. సంచి పొట్టును పడుతుంది, ధూళిని పట్టదు.

రెండవది గొట్టం లావు. ఉప్పుకాగితం యంత్రాలకు వాడే 27 మిల్లీమీటర్ల సన్నగొట్టం చిత్రికకు పనికిరాదు; పొట్టు చుట్టలు చుట్టుకొని మలుపుల దగ్గర అడ్డుపడతాయి. 36 మిల్లీమీటర్లు లేక అంతకు పైబడిన గొట్టం కావాలి. గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగానికి తగ్గితే హెచ్చరించాలని ఆరోగ్యానికి హాని చేసే ధూళిని పీల్చే మధ్యతరగతి యంత్రాలకు అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. 36 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ వేగం రావాలంటే సెకనుకు సుమారు 20 లీటర్ల గాలిని లాగాలి. ఇంట్లో తివాచీలు ఊడ్చే యంత్రం తెచ్చి పెడితే రెండు విధాల మోసం: తొట్టి చప్పున నిండుతుంది, వడపోత చాలక సన్నధూళి వెనుకనుండి గదిలోకే వస్తుంది. ఆ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మధ్యతరగతి యంత్రపు వడపోత గుండా వెయ్యింట ఒక వంతుకు మించి ధూళి దాటరాదు. కొనుగోలు పత్రంలో ఈ తరగతి పేరు వ్రాయించాలి.

మూడవది కలుపు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఒక్కొక్క తయారీదారు యంత్రపు రంధ్రం ఒక్కొక్క కొలత. కొన్ని గుండ్రన, కొన్ని కోలగా. ఒకరి గొట్టం మరొకరి రంధ్రానికి పట్టదు. పట్టనందున కార్మికుడు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, టేపు అంటించి సరిపెడుతున్నాడు. గంటలో అది ఊడుతుంది. ఊడిన గొట్టాన్ని మూలకు నెట్టి పని కొనసాగుతుంది. తరువాత యజమాని వచ్చి "గొట్టం ఇచ్చాముగా, వాళ్ళే వాడరు" అంటాడు. రెండు కొలతలను కలిపే రబ్బరు మూతి చిన్న వస్తువు. అది కొనవలసినది కార్మికుడు కాదు. యంత్రం, కలుపు, గొట్టం, పీల్చే యంత్రం, ఈ నాలుగూ ఒకే సరంజామా. ఒకటి లోపిస్తే నాలుగూ లేనట్లే.

నాలుగవది నిప్పు. ఎండుపొట్టు ప్లాస్టిక్ గొట్టంలో వేగంగా పరుగెత్తితే విద్యుదావేశం పుడుతుంది. చేతికి చురుక్కుమని తగులుతుంది. దానిని భూమిలోకి దింపే రకం గొట్టం వాడాలి. పాత బల్లలు చెక్కేటప్పుడు దాగి ఉన్న మేకుకు కత్తి తగిలితే రవ్వ లేచి తొట్టిలోని పొట్టులో పడుతుంది. పైకి కనపడకుండా గంటల తరబడి రాజుకొంటుంది. కనుక ముందు మేకులు వెదికి తీయాలి, తొట్టిని రాత్రికి కార్యాలయంలో వదలిపోరాదు. దస్తావేజులూ తపాలా సంచులూ ఉన్న చోట ఈ జాగ్రత్త వేరుగా చెప్పనక్కరలేదు.

సాకులకు సమాధానం

వడ్రంగులే గొట్టం వద్దంటారని ఒక సాకు. వారి ఫిర్యాదులో న్యాయం ఉన్నది. చిత్రికను చెక్కమీద సమతలంగా నడిపించాలి. బరువైన గొట్టం ఒక పక్కకు లాగితే అంచు వంకర పోతుంది, చేయి జారుతుంది. దీనికి విరుగుడు గొట్టం తీసివేయడం కాదు. గొట్టాన్ని పైనుండి వ్రేలాడదీయడం, మెత్తగా వంగే రకం ఎన్నుకోవడం, రంధ్రాన్ని కుడికీ ఎడమకూ మార్చగల యంత్రం కొనడం. ముక్కగూలికి పనిచేయించి, అడుగుకు ఇంత అని లెక్కగట్టి, పది నిమిషాలు గొట్టం సర్దుకున్నందుకు కూలి కోసేవాడు "వారే వద్దన్నారు" అనడం సిగ్గుచేటు.

ముసుగు ఇస్తామని మరొక సాకు. ముసుగు అవసరమైన చోట వాడవలసినదే. గొట్టం తగిలించినా తప్పించుకొనే పొడి కొంత ఉంటుంది గనుక మంచి ముసుగు అదనంగా ఉండాలి. కాని ముసుగుతో మొదలుపెట్టి ముసుగుతో ముగించడం బాధ్యతను యజమాని నెత్తినుండి కార్మికుడి ముఖానికి బదలాయించడమే. సూరత్ వేసవిలో ఎనిమిది గంటలు ముసుగు బిగించుకొని చిత్రిక పట్టడం ఎంత సాధ్యమో ఆ సలహా ఇచ్చిన అధికారి ఒక్క పూట చేసి చూపవలెను. అదిగాక, ముసుగు వడ్రంగికి ఇచ్చారనుకొందాము. కౌంటరు దగ్గర నిలుచున్న వృద్ధుడికి, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ఎవరు ఇస్తారు?

చట్టం చెప్పినది, చట్టం వదిలినది

దుమ్మును అది పుట్టిన చోటనే పట్టాలన్న సూత్రం ఈ దేశానికి కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను స్పష్టంగా చెప్పినది: హానికరమైన ధూళి లేచే పనిలో దానిని లాగివేసే సాధనం, ధూళి పుట్టే స్థానానికి వీలయినంత దగ్గరగా ఉండాలి. ఆ చట్టంలో 29 వ్యాధుల పట్టిక ఒకటి ఉన్నది. సిలికోసిస్ ఉన్నది, నూలుధూళి వలన వచ్చే బిస్సినోసిస్ ఉన్నది, "వృత్తి సంబంధమైన క్యాన్సర్" అన్న ఒక మాట ఉన్నది. కలపధూళి పేరు మాత్రం లేదు.

2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబరు 21 నుండి అమలుకు తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించినది. చట్టంలోనే ఉండిన 14వ సెక్షను వంటి వివరాలను ఈ కోడ్ ప్రభుత్వం చేసే నిబంధనలకు వదిలివేసినది. కరెంటు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న లెక్కను 20 మందికి పెంచినది. కంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది లేని కంట్రాక్టరుకు వర్తించదన్నది. 1970 చట్టంలో ఆ సంఖ్య 20. ముగ్గురు వడ్రంగులతో కార్యాలయం గడప తొక్కే కంట్రాక్టరును ఈ సంఖ్యలేవీ పట్టుకోలేవు. వల కన్నులు పెంచినవారు చిన్నచేపలు జారిపోతున్నాయని ఆశ్చర్యం నటించనక్కరలేదు.

గుజరాత్ గడ్డమీదనే ఈ నిర్లక్ష్యానికి ఏ మూల్యం చెల్లించారో చూడండి. గోధ్రా ప్రాంతపు పలుగురాయి పిండి కర్మాగారాలలో మధ్యప్రదేశ్ ఆదివాసులు పనిచేసి సిలికోసిస్‌తో మరణించారు. 238 మంది మృతుల కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు చెల్లించాలని 2010లో జాతీయ మానవహక్కుల కమిషన్ సిఫారసు చేసినది. చెల్లించండని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినది. అక్కడా కావలసినది దుమ్ము పుట్టిన చోట దానిని లాగివేసే ఏర్పాటే. అది పెట్టనందున మనుషులను పూడ్చి, తరువాత లెక్క కట్టారు. అంతకు ముందే 1995లో, అహమ్మదాబాదుకు చెందిన వినియోగదారుల విద్య, పరిశోధన కేంద్రం ఆస్బెస్టాస్ కార్మికుల తరపున వేసిన కేసులో, కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది. ఆ తీర్పు 50 మందికి తక్కువైతే జీవించే హక్కు ఉండదని చెప్పలేదు.

మన కోర్కెలు

చట్టం వలలో కన్నులు పెద్దవైనచోట సంఘం చేయి అడ్డుపెట్టాలి. పని అప్పగించేది మన శాఖలే. టెండరు పత్రం వ్రాసేది మన కార్యాలయాలే. కనుక మేము ఈ క్రింది కోర్కెలను ముందుంచుతున్నాము:

1. రైల్వే, తపాలా శాఖల ప్రతి చెక్కపని టెండరులోనూ, ధూళి పీల్చే యంత్రం తగిలించని కరెంటు చిత్రిక, రంపం, ఉప్పుకాగితం యంత్రం ఆవరణలోకి రాకూడదన్న షరతు ఉండాలి. ఆ ఖర్చు అంచనాలో వేరు పద్దుగా చూపాలి. కూలి నుండి మినహాయించరాదు.

2. యంత్రానికి సరిపడే కలుపు, చాలినంత లావు గొట్టం, మధ్యతరగతి వడపోత ఉన్నవో లేవో పని మొదలు కాకముందే తనిఖీ చేసి సంతకం పెట్టాలి. ఆ తనిఖీలో ఉద్యోగుల ప్రతినిధి ఉండాలి.

3. చెక్కపని జరిగే గదిలో ప్రజల కిటికీలు, ఉద్యోగుల బల్లలు ఉంచరాదు. పని ముగిసిన తరువాత చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, పీల్చే యంత్రంతోనే శుభ్రం చేయాలి.

4. కలపధూళి వలన కలిగే ముక్కు క్యాన్సరును, ఉబ్బసాన్ని పేరుపెట్టి వృత్తివ్యాధుల జాబితాలో చేర్చాలి. అసంఘటిత వడ్రంగులకు ఏటా ఉచిత వైద్యపరీక్ష జరపాలి.

శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి: మీ కార్యాలయంలో ఎక్కడ చిత్రిక యంత్రం మ్రోగినా వెళ్ళి దాని పక్క రంధ్రం చూడండి. గొట్టం లేకపోతే వడ్రంగిపై కోపించకండి. అతనితో మాట్లాడండి, అతని భాష రాకపోతే సైగతోనైనా మాట్లాడండి. పని ఆపించవలసినది అధికారి చేత. వ్రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు కేంద్ర కార్యాలయానికి పంపండి. ఆ ఫిర్యాదులన్నిటినీ కలిపి ఉమ్మడి సంప్రదింపుల వేదికలో పెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

1974 మే నెలలో రైలు చక్రం ఆగినప్పుడు సమ్మెకారుల కుటుంబాలకు అన్నం పెట్టినవారిలో సంఘం పేరైనా తెలియని కూలీలు ఉన్నారు. ఆ ఋణం తీర్చడానికి పెద్ద త్యాగమేమీ అడగడం లేదు. ఒక గొట్టం తగిలించేదాకా పని మొదలుకానివ్వకపోవడం, అంతే.